గట్టయ్య ఎంచుకున్న ఒడ్డు

ఎల్టీసీ మంజూరైందంటే గోదావరిఖనిలో ఎవరైనా ముందు దేవుణ్ణి తలుచుకునేవారు. నాలుగేళ్లకోసారి కంపెనీ చార్జీలిచ్చి దేశంలో ఎక్కడికైనా పోయి రమ్మంటుంది. బొగ్గుబాయిలో దిగే మనిషికి మొక్కులకు కొదవేముంటుంది? తిరుపతి పోయేవారు తిరుపతికి, అజ్మీరు పోయేవారు అజ్మీరుకు పోయేవారు. మరీ ఓపికున్నవాళ్లు కాశీ దాకా పోయి చెంబుల్లో గంగ తెచ్చి వాడంతా పంచేవారు. టింబర్‌మన్ గట్టయ్య మాత్రం సముద్రానికి పోయేవాడు. పోనీ అందరూ పోయే సముద్రానికా అంటే అదీ కాదు. పురుగు కూడా తిరగని ఒడ్డు ఎక్కడుందో నెలల తరబడి వాకబు చేసి, పెళ్లిసంబంధం చూసినట్టు ఒకటికి నాలుగుసార్లు ఎంచి మరీ పోయేవాడు.

గ్యాంగులో వాళ్లు ఆయనకు సముద్రం గట్టయ్య అని పేరు పెట్టారు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. ఎందుకు పోతున్నాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో భార్య సమ్మవ్వకు కూడా.

గట్టయ్యది గోదావరి అవతల జైపూర్ దగ్గర పల్లె. ఇరవయ్యో ఏట బాయిలో బొగ్గు నింపే పనికి చేరాడు. తొమ్మిదేళ్లు తట్ట మోశాక టింబర్‌మన్ అయ్యాడు. లోపల బొగ్గు పేల్చి, పొగ కాస్త విడవగానే అందరికంటే ముందు అక్కడ అడుగుపెట్టేది టింబర్‌మనే. దుంగలు నిలబెట్టి పైకప్పుకు ఆసరా ఇవ్వడం ఆయన పని. దానికంటే ముందు ఇంకొక పని ఉంది. గడ్డపార ఎత్తి పైకప్పును తట్టి చూడాలి. గట్టి రాయి ఖంగున మోగుతుంది. లోపల పొర విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిన రాయి ఇవాళ పడుతుందో రేపు పడుతుందో తెలియదు కాని పడక మానదు. దాన్ని బాయి మనుషులు రూఫ్ మాట్లాడుతోంది అంటారు. మాట్లాడేది అందరికీ వినిపించదు. గట్టయ్యకు వినిపించేది.

రూల్ ప్రకారం చూడవలసింది లోపలి భద్రతకు బాధ్యుడైన సర్దార్. సర్దార్ చూసేవాడు, పుస్తకంలో రాసుకునేవాడు, అదంతా సరే. ఎనిమిది మంది గ్యాంగు మాత్రం గట్టయ్య తల ఊపేదాకా తట్ట ముట్టుకునేవారు కాదు. ఆ గ్యాంగుకు పెద్ద సర్వర్. తాను బాయిలో చేరిన మూడో ఏడు సర్వర్ ఒకచోట వంగి బొగ్గు ఎత్తుతుంటే గట్టయ్య వెనక నుంచి చొక్కా పట్టి గుంజాడు. గుంజిన ఊపుకు ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. లేచి తిట్టుకునేలోపు నులకమంచమంత రాయి సర్వర్ నిలబడ్డ చోట పడింది. ఆ రోజు నుంచి సర్వర్‌కు గట్టయ్య కాక అయ్యాడు, బాబాయి వరస. రంజాన్ వస్తే సర్వర్ తల్లి రబియా బీ చేసిన షీర్‌ఖుర్మా మొదటి గిన్నె గట్టయ్య ఇంటికే వచ్చేది.

తన తల ఊపు కోసం ఎనిమిది మంది మగవాళ్లు నోరు మూసుకొని నిలబడటం గట్టయ్యకు ఇష్టం. ఇష్టం అంటే చిన్నమాట. వీధిలో ఆయన గొంతు ఎవరికీ తెలియదు, యూనియన్ మీటింగులో వెనక వరుసలో కూర్చుంటాడు, సొంత ఇంట్లో కూర ఏం వండాలో కూడా ఆయన్ను అడిగేవారు లేరు. భూమి కింద ఆ ఒక్క నిమిషం మాత్రం ఆయన మాటే మాట.

ఎనభై మూడులో చెవుల్లో మోత మొదలైంది. డ్రిల్లు మిషను, పేలుళ్లు, బొగ్గుబండ్లు లాగే హాలేజీ రొద, పదిహేడేళ్లు విన్న చెవులవి. బాయి నుంచి పైకి వచ్చాక కూడా గుయ్‌మని ఒకటే మోత. మొదట్లో అన్నం తినేలోపు తగ్గేది. తర్వాత మరుసటి షిఫ్టు దాకా సాగేది. గట్టయ్య దవాఖానకు పోలేదు. పోతే ఏమంటారో ఆయనకు తెలుసు. చెవి పోయిన టింబర్‌మన్‌ను లోపలికి దింపరు, పైన ఏదో పని ఇస్తారు. ఆ పని చేసుకొని బతకవచ్చు. కాని తన మాట కోసం ఎవరూ ఆగని చోట ఎట్లా బతకాలో ఆయనకు తోచలేదు. అందుకే చెవులు చెడిపోలేదు, అలసిపోయాయి అంతే అని నిర్ణయించుకున్నాడు.

మరుసటి ఏడు ఎల్టీసీ వచ్చింది. కూతురికి అప్పుడు పదకొండేళ్లు. బడి పుస్తకంలో సముద్రం బొమ్మ చూసి సముద్రమే కావాలని భీష్మించింది. సమ్మవ్వకు యాదగిరిగుట్ట మొక్కు ఉంది. దానికి ఎల్టీసీ ఎందుకు, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చునని గట్టయ్య తీర్పు చెప్పాడు. రామగుండంలో బండెక్కి, కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ పట్టుకొని ముగ్గురూ విశాఖపట్నంలో దిగారు.

పట్నం బీచ్ చూసి గట్టయ్యకు ఒళ్లు మండింది. పల్లీలవాడు, బుడగలవాడు, మైకులో పాటలు, క్రికెట్టు ఆడే పిల్లలు, ఫోటో తీస్తామని వెంటపడేవాళ్లు. పైగా నెత్తిన ఏ ఆసరా లేని అంత పెద్ద ఆకాశం. పద్దెనిమిదేళ్లుగా నెత్తిమీద కప్పు ఉంటేనే కాళ్లు నిలదొక్కుకున్న మనిషి ఆ బయలు చూసి తువ్వాలు తీసి నెత్తిన కప్పుకున్నాడు. టీ బండివాడు ఆయన ముఖం చూసి జాలిపడి, బస్సెక్కి రుషికొండ పొమ్మని, అక్కడ రాళ్లూ గాలీ తప్ప ఏమీ ఉండవని చెప్పాడు.

మూడు రోజులు రుషికొండ పోయారు. తల్లీ కూతుళ్లు నీళ్లలో ఆడుకుంటే గట్టయ్య ఒక బండరాయి నీడకు చేరి కళ్లు మూసుకునేవాడు. గాలి తువ్వాలను లాగేస్తుండేది. మూడో రోజు మధ్యాహ్నం ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. చెవుల్లో మోత లేదు. ఏడాది పైగా తనతోనే తిని తనతోనే పడుకున్నది లేకుండా పోయింది. ఆ సంతోషంలో కూతురిని భుజం మీద ఎక్కించుకొని నీళ్లలోకి దిగాడు. సమ్మవ్వ వద్దని అరుస్తూనే నవ్వింది.

సముద్రం మందులా పని చేసిందని గట్టయ్యకు గట్టిగా మనసులో పడిపోయింది. చెవులకు సెలవు కావాలి, అవి సెలవు తీసుకోవాలంటే జనం లేని ఒడ్డు కావాలి. అంతే, ఇందులో డాక్టరు చెప్పేదేముంది? నెల తిరక్కముందే మోత మళ్లీ వచ్చింది. ఆయన బెదరలేదు. తరువాతి ఎల్టీసీకి ఇంకా మంచి ఒడ్డు చూసుకోవాలి అనుకున్నాడు.

ఒడ్డులు ఎంచడంలో ఆయనకు గురువు దొరికింది సర్వే ఆఫీసులో. అక్కడ బాయి ప్లాన్లు గీసే వెంకటరామయ్యది భీమిలి దగ్గర ఊరు. ఉద్యోగం కోసం వచ్చి గోదావరిఖనిలో స్థిరపడినా సముద్రం పేరెత్తితే కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. బాయి మనిషి ఒకడు వచ్చి తమ ఊరి తీరం గురించి అడిగేసరికి ఆయన పొంగిపోయి, చినిగిన ట్రేసింగ్ కాగితం ఒకటి తీసి విశాఖ నుంచి భీమిలి దాకా ఒడ్డంతా గీసి పెట్టాడు. చేయి తిరిగిన అలవాటు కదా, కొండకు రాతిపొర గుర్తు, ఇసుకకు పాత పని జరిగిన చోటు గుర్తు పడ్డాయి. చూసేవాళ్లకు అది సముద్రంలా లేదు, పన్నెండో గని ప్లాన్‌లా ఉంది. గట్టయ్యకు అందుకే చప్పున అర్థమైంది.

ఆ తర్వాత ఏ మధ్యాహ్నం ఖాళీ దొరికినా ఆయన సర్వే ఆఫీసు కిటికీ దగ్గర ప్రత్యక్షం. ఏ ఒడ్డున జాలరి ఊరుంది, పడవలు ఎన్ని, చేపలు ఎండబెడతారా, గుడి ఉందా, గుడికి మైకు ఉందా, కార్తీకంలో వనభోజనాలకు వస్తారా అని ఒక్కొక్కటీ అడిగేవాడు. బస్సు దిగాక అరగంటైనా నడవాల్సిన చోటు అయితే మేలు. తేలిగ్గా చేరుకోగలిగిన చోటికి జనం వస్తారు. గాలి బాగా కొట్టే వైపు అయితే ఇంకా మేలు. అక్కడ గొడుగు నిలవదు, గొడుగు నిలవని చోట పట్నం వాళ్లు నిలవరు. ఇవన్నీ అయ్యాక చివరి ప్రశ్న ఒకటి ఉండేది.

"రూఫ్ ఎట్లుంటది సార్?"

వెంకటరామయ్య మొదటిసారి విని పెన్సిల్ కింద పెట్టాడు. "సముద్రపొడ్డున రూఫ్ ఏంటయ్యా గట్టయ్యా? ఆకాశమే రూఫ్."

గట్టయ్య ఓపికగా విడమర్చాడు. కొండ చరియ ముందుకు పొడుచుకువచ్చి కింద నీడగా ఉంటుంది చూడండి, అది కావాలి, దాని కింద కూర్చుంటే నిమ్మళం అన్నాడు. బయటివాడు చరియ కింద కూర్చోవడానికి భయపడతాడు. బాయి మనిషికి ఆరుబయట కూర్చోవడమే భయం. ఆ తేడా వెంకటరామయ్యకు అప్పుడు తెలిసి, కాగితం మీద రాళ్లు ముందుకు వచ్చిన చోటల్లా ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టాడు.

ఎనభై ఎనిమిదిలో యారాడ ఎంచారు. కొండ దాటి దిగాలి, బస్సులు తక్కువ, రాళ్లున్నాయి. కూతురికి పదో తరగతి పరీక్షలు ఉండి మేనత్త దగ్గర ఉండిపోయింది. మొగుడూ పెళ్లాలిద్దరే పోయారు. పట్నంలో సత్రంలో దిగి రోజూ పొద్దున్నే సద్ది కట్టుకొని పోయేవారు. ఈసారి మోత ఆగడానికి ఆరు రోజులు పట్టింది. పూర్తిగా ఆగిందా అంటే గట్టయ్య కూడా ఖాయంగా చెప్పలేకపోయాడు. యారాడకు కూడా జనం మొదలైనట్టుంది, అందుకే అట్లా అయిందని తేల్చుకొని వచ్చాడు. తప్పు చెవిది కాదు, ఒడ్డుది.

బాయిలో అప్పటికే ఆయన ఒక ఉపాయం పట్టుకున్నాడు. కుడిచేత్తో తట్టేటప్పుడు ఎడమ అరచేయి పైకప్పుకు ఆనించి పెట్టేవాడు. పొర విడిన రాయి చేతికింద సన్నగా అదురుతుంది. పాత మనుషులు చాలామంది అట్లా చూస్తారు, అందులో దొంగతనం ఏమీ లేదు. కాని పాత మనుషులు చెవితో విని చేత్తో ఖాయం చేసుకునేవారు. గట్టయ్య చేతితోనే నెట్టుకొస్తున్నాడు. చేయి అందనంత ఎత్తున్న చోట గడ్డపారతో తట్టి, పక్కనున్న సర్వర్ ముఖం ఓరగా చూసి తల ఊపేవాడు.

తొంభై రెండు వచ్చేసరికి కూతురు పెళ్లై కమాన్‌పూర్ వెళ్లిపోయింది. ఇంట్లో సమ్మవ్వ రెండుసార్లు పిలిస్తే తప్ప ఆయన పలకడం లేదు. వయసు మీదపడ్డ మగవాళ్లకు పెళ్లాం పిలుపు వినిపించకపోవడం కొత్త జబ్బేం కాదని ఆమె సరిపెట్టుకుంది. మోత ఇప్పుడు నిద్రలో తప్ప ఆగడం లేదు. ఆ ఎల్టీసీ మీద గట్టయ్య ఆశలన్నీ పెట్టుకున్నాడు. ఈసారి పన్నెండు రోజులు, అసలైన ఒడ్డు. ఈసారి తగ్గితే ఇంకో నాలుగేళ్లు ఢోకా లేదు. తగ్గకపోతే అన్న మాట దగ్గరికి ఆలోచనను రానిచ్చేవాడు కాదు.

మడతలు పడి చిరుగులు పట్టిన ట్రేసింగ్ కాగితాన్ని బల్ల మీద పరిచి వెంకటరామయ్య ఒక్కొక్క చోటూ కొట్టేస్తూ వచ్చాడు. రుషికొండలో ఇప్పుడు కాటేజీలు. ఇంకోచోట సినిమా షూటింగులు. మరోచోట వలల వాళ్లు పెరిగారు. చివరకు మంగమారిపేట దాటాక కొండ సముద్రంలోకి దిగే చోట పేరు కూడా లేని ఒక వంపు మిగిలింది. ఎర్ర చుక్క ఉంది. జూన్‌లో అక్కడ గాలికి మనిషి నిలబడలేడని, పిచ్చివాడు తప్ప ఆ కాలంలో ఎవడూ పోడని ఆయన హెచ్చరించాడు. గట్టయ్య జూన్‌కే సెలవు పెట్టాడు.

భీమిలిలో సత్రం దొరికింది. మంగమారిపేటలో బస్సు దిగి, తాటిచెట్ల వెంట నడిచి, రాళ్లు ఎక్కి దిగితే ఆ వంపు వచ్చింది. వెంకటరామయ్య అబద్ధం చెప్పలేదు. సముద్రం రాళ్లకు కొట్టుకొని నిలువెత్తు లేస్తోంది. గాలికి ఇసుక రేగి పిక్కలకు సూదుల్లా తగులుతోంది. సమ్మవ్వ కొంగును తలచుట్టూ తిప్పి చెవులు గట్టిగా మూసుకుంది. ఏం చెప్పాలన్నా అరవాల్సి వస్తోంది. గట్టయ్య మాత్రం నడుం మీద చేతులు పెట్టుకొని చుట్టూ చూసి, ముఖమంతా వెలిగిపోతూ ఆమె వైపు తిరిగాడు.

"ఎంత నిమ్మళంగ ఉంది చూసినవా," అన్నాడు.

ఆమె వింతగా చూసింది. ఆ హోరులో నిమ్మళం ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. ఎనిమిదేళ్లుగా ఈ మనిషి వెతుకుతున్నది ఇదా అనుకుంది. జనం చప్పుడు పడని మనిషి ఇంత చప్పుడులోకి వచ్చి కూర్చుంటాడేమిటి? లోపలి మోతను బయటి హోరు కప్పేస్తున్నదని, తగ్గింది అనుకున్నదంతా వినిపించకపోవడమేనని ఆమెకు తెలిసే దారి లేదు. ఆయనకు తెలిసే దారి ఉంది గాని ఆ దారిన ఆయన పోలేదు.

నాలుగు రోజులు పోయారు. ఐదో రోజు ఎండ ఎక్కువగా ఉండి, ఇంకాస్త లోపలికి, చరియ బాగా ముందుకు వచ్చిన చోటికి మారదామన్నాడు. అక్కడ గాలి తగలదు. రాయి వెనక్కి వంగి గదిలా ఉంది. అలల హోరు కూడా అంతగా లోపలికి రావడం లేదు. గట్టయ్య అలవాటు ప్రకారం, రాళ్ల మీద ఊతకు తెచ్చుకున్న చేతికర్ర ఎత్తి పైన రాయిని ఠకఠకా తట్టాడు. అరచేయి ఆనించడానికి ఎత్తు అందలేదు. మంచి రాయేనని చెప్పి కింద తువ్వాలు పరిచి సద్ది మూట విప్పమన్నాడు.

సమ్మవ్వ కూర్చోలేదు. కొంగు చెవుల మీద నుంచి తీసి పైకి చూస్తోంది.

"గది డొల్లగ మోగింది గదా," అంది. "బోలు కుండ లెక్క."

గట్టయ్యకు నవ్వొచ్చింది. బాయి ముఖం ఎరగని మనిషి రూఫ్ గురించి చెబుతోంది. గట్టి రాయే, కూర్చో అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన మళ్లీ తట్టాడు, ఇంకాస్త గట్టిగా. ఈసారి కూడా అదే రాయి, అదే ఠక్కు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. బువ్వ తినేచోట గింత భయపెట్టుడేంది అని ఆయన విసుక్కున్నాడు.

విసుక్కుంటూనే పైకి తేరిపార చూశాడు. తలకు మూడడుగుల ఎత్తులో రాయికి అడ్డంగా వెంట్రుకంత గీత ఉంది. ఆ గీతకు ఈ పక్కన రంగు వేరు, ఆ పక్కన రంగు వేరు. పదిహేడేళ్ల టింబర్‌మన్ కంటికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పొర విడింది. డొల్లగా మోగి తీరాలి.

ఆయన కర్ర సమ్మవ్వ చేతికి ఇచ్చాడు. నువ్వు కొట్టు, ఎక్కడెట్లా మోగుతుందో చెప్పు అన్నాడు. ఆయన గొంతు మారడం విని ఆమె అంచున నిలబడి తట్టింది. గీతకు ఆవల తట్టి గట్టిగుంది అంది. గీతకు ఈవల తట్టి డొల్లగుంది అంది. ఆయన వేలుతో చూపించిన చోటల్లా తట్టింది. ఆరు చోట్ల ఆరుసార్లూ ఆమె చెప్పింది ఆయన కంటికి కనిపిస్తున్నదానితో సరిపోయింది. ఆరుసార్లూ ఆయన చెవికి ఒకటే ఠక్కు, అదీ దూరంగా, గోడ అవతల ఎవరో తలుపు తట్టినట్టు.

ఇద్దరూ బయట ఇసుకలోకి వచ్చి నిలబడ్డారు. గట్టయ్య అక్కడే కూలబడ్డాడు. భయం రాయి గురించి కాదు. రాయి పడితే ఇద్దరు పోయేవారు. బాయిలో ఎనిమిది మంది. ఎన్ని చోట్ల, ఎన్ని షిఫ్టుల్లో, చేయి అందని ఎత్తులో కర్ర పెట్టినట్టు గడ్డపార పెట్టి, మంచిగుందని తల ఊపి వాళ్లను లోపలికి పంపాడు? లెక్కపెట్టబోయి మానేశాడు. ఆయనకు ఏడుపొచ్చింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో సమ్మవ్వ ఆయన ఏడవడం అదే మొదటిసారి చూడటం.

ఆమెకు అప్పుడు అన్నీ చెప్పాడు. ఎనభై మూడు నుంచి మొదలుపెట్టి, రుషికొండ, యారాడ, ఎడమ అరచేయి, సర్వర్ ముఖం, ఏదీ దాచలేదు. ఆమె అంతా విన్నది. ఆమెకు కోపం వచ్చింది, తనకు చెప్పనందుకు. భయం వేసింది, ఇకమీదట ఈ మనిషి ఏమైపోతాడో అని. రెండూ మింగి చివరకు ఒకటే అడిగింది.

"సర్వర్‌కు పెండ్లాం పిల్లలు ఉన్నరు. గా సంగతి యాది లేదా నీకు?"

ఇంకా ఏడు రోజుల సెలవు ఉంది. ఆ సాయంత్రమే సత్రం ఖాళీ చేశారు.

రైల్లో దారిపొడుగునా గట్టయ్య మనసు ఆయనతో బేరం పెట్టింది. ఇంకో ఆరు నెలలు చూద్దాం. ఎత్తు తక్కువున్న చోటికి మార్పించుకుందాం, చేయి అందుతుంది. ఎవరికీ చెప్పకుండా వేరే గనికి బదిలీ అడుగుదాం. వేరే గనిలో కూడా ఎవరో ఒక సర్వర్ ఉంటాడు కదా అని తట్టేసరికి ఆ ఆలోచన చచ్చింది. కాజీపేటలో బండి మారేటప్పుడు సమ్మవ్వ టీ తెచ్చి ఇచ్చింది.  

రామగుండంలో దిగి ఆమెను రిక్షాలో ఇంటికి పంపి, సంచి భుజాన వేసుకొనే బాయికి పోయాడు. మొదటి షిఫ్టు దిగడానికి ఇంకా పావుగంట ఉంది. ల్యాంప్ రూం ముందు దీపాలు తీసుకొనే వరుస ఉంది. ఆ వరుస పక్కనే చెట్టు కింద సర్వర్ బూట్లకు తాడు కట్టుకుంటున్నాడు. గట్టయ్యను చూసి లేచాడు. సెలవు ఇంకా ఉందిగదా, ఇంత జల్ది వచ్చినవేంది అని అడిగాడు. గట్టయ్య అతని చేయి పట్టుకొని జనానికి దూరంగా, బండ్ల పట్టాల అవతలికి తీసుకుపోయాడు.

దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాడు గాని అప్పుడు ఒక్కటీ రాలేదు. నాకు చెవులు వినిపించడం లేదు సర్వర్, రూఫ్ వినిపించడం లేదు, రెండేళ్లో ఇంకా ఎక్కువో అయింది అని మాత్రం అన్నాడు. అని తల దించుకున్నాడు. కొట్టినా పడదామనే అనుకున్నాడు.

సర్వర్ కొట్టలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. బూటుతో పట్టా పక్కన బొగ్గుపెళ్లను అటూ ఇటూ తన్నుతూ నిలబడ్డాడు. తర్వాత గట్టయ్య చెవికి దగ్గరగా వంగి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. అట్లా వంగి మాట్లాడటం అతనికి ఎప్పటినుంచో అలవాటైపోయిందని గట్టయ్యకు అప్పుడు తెలిసింది.

"మాకు ఎరుకే కాక. పోయిన దసరా సంది ఎరుక. నువ్వు కొట్టి పక్క పని జాగకు పోయినంక నేను మళ్ల కొట్టి చూసుకుంటున్న. నీ ముంగట జేస్తే నీ మనసు నొస్తదని జెయ్యలె."

 తొమ్మిది నెలలు. తొమ్మిది నెలలుగా వాళ్లు తన కోసం నోరు మూసుకొని నిలబడుతున్నారు. తన తల ఊపు అయ్యాక, తన వీపు మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అసలు పని చేసుకుంటున్నారు. సిగ్గుతో ఆయన ముఖం కాలిపోయింది. అయినా ఆ సిగ్గు వెనకే, ఎవరికీ ఏమీ కాలేదన్న నిమ్మళం కూడా వచ్చింది. ఆ నిమ్మళాన్ని గట్టిగా పట్టుకోవాలని అడిగాడు.

"రోజూ చూసుకుంటున్నరా?"

 సర్వర్ ల్యాంప్ రూం వైపు చూశాడు. అక్కడ ఏడుగురు దీపాలు తలకు తగిలించుకొని ఇతని కోసమే ఎదురుచూస్తున్నారు. అందులో ఇద్దరు ఈ ఏడే చేరినవాళ్లు.

"రోజూ అంటే," అని ఆగాడు. "పని జోరు మీదున్నప్పుడు ఒక్కోనాడు మరిచిపోతుంటిమి కాక."

మొదటి షిఫ్టు కూత పడింది. ఆ కూత గట్టయ్యకు చెవుల్లో కాదు, రొమ్ములో తగిలింది. ఆయన సర్వర్ చేయి వదిలేసి, సంచి అక్కడే పట్టాల మీద పెట్టి, అండర్ మేనేజర్ గది వైపు నడిచాడు. నడిచాడు అనడం సరికాదు, నలభై ఆరేళ్ల మనిషి పరుగెత్తాడు. దిగబోయే వాళ్లు తొలిగి దారి ఇచ్చారు. వెనక నుంచి సర్వర్ కాకా అని పిలిచింది ఆయనకు వినిపించలేదు.

అండర్ మేనేజర్ షిఫ్టు కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. అడగకుండా లోపలికి వచ్చిన టింబర్‌మన్‌ను చూసి ఏమిటని కళ్లతోనే అడిగాడు. గట్టయ్య రొప్పు తగ్గేదాకా కూడా ఆగలేదు.

"నాకు ఇనస్తలేదు సార్," అన్నాడు. "ఇయ్యాల్టి సంది నా మాట మీద ఎవ్వర్ని లోపలికి పంపకుండ్రి."